తిరుపతి లాడ్జి సర్వర్‌కు జంట డిస్క్: క్లోన్ మీద అప్‌గ్రేడ్, ప్రాజెక్టు డైరీ

సోమవారం

తిరుపతి రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఉన్న మూడు లాడ్జీలకు కలిపి ఒకే సర్వర్ ఉంది. రూము ఇవ్వడం, అడ్వాన్సు రసీదు, గుర్తింపు కార్డు స్కాన్, జీఎస్టీ బిల్లు, రోజు లెక్క ముగించడం అన్నీ దాని మీదే. అందులో నడుస్తున్నది డెబియన్ 11, ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. 2021 ఆగస్టులో విడుదలైన ఈ వెర్షన్‌కు దీర్ఘకాలిక మద్దతు 2026 ఆగస్టు 31తో అయిపోతుంది. ఆలోపు దాన్ని డెబియన్ 12కు మార్చాలి.

10 నుంచి 11కు మార్చినప్పుడు అప్పటి కాంట్రాక్టర్లు నడుస్తున్న సర్వర్ మీదే ప్యాకేజీలు మార్చుకుంటూ పోయారట. రాత్రి మొదలుపెడితే తెల్లారేదాకా పట్టిందని, కౌంటర్లలో కాగితం చీటీలు రాసుకున్నారని, ఒకే రూము ఇద్దరికి రాసి గొడవ అయిందని మేనేజర్ అన్న చెప్పాడు. అందుకే నేను విషయం ఎత్తగానే ఆయన మొదట అడిగింది ఇదే: "ఏమ్మా, ఈ తూరి ఎంతసేపు నిలబడిపోతాది? పోయిన తూరి మాదిరి తెల్లవార్లూ చీటీలు రాయమంటే మా వల్ల గాదు."

మరో ఊళ్ళో అయితే అర్ధరాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా సర్వర్ ఆపుకోవచ్చు. ఇక్కడ ఆ వేళ కౌంటర్ దగ్గర మనుషులు నిలబడి ఉంటారు. శ్రీనివాసం, విష్ణునివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్‌లో సర్వదర్శనం టోకెన్ల క్యూకు పోవాలనుకునేవాళ్ళు చీకటితోనే బయలుదేరుతారు. రూము 24 గంటల లెక్క కాబట్టి, రాత్రి రెండుకు దిగినవాళ్ళు మర్నాడు రాత్రి రెండుకు ఖాళీ చేస్తారు. పొద్దున నారాయణాద్రి, పద్మావతి ఎక్స్‌ప్రెస్‌లు వచ్చేసరికి మళ్ళీ రద్దీ. డౌన్‌టైమ్‌ను రాత్రిలో దాచే వీలు లేనప్పుడు డౌన్‌టైమ్‌నే తగ్గించాలి.

అనుకున్న పద్ధతి ఇది. సర్వర్ నడుస్తుండగానే సిస్టమ్ డిస్క్‌ను ఇంకో డిస్క్‌లోకి క్లోన్ చేయడం, అంటే అచ్చంగా అలాంటిదే ఇంకో కాపీ తీయడం. అప్‌గ్రేడ్ మొత్తం ఆ క్లోన్ మీద తీరిగ్గా చేసుకోవడం, పరీక్షించుకోవడం. అంతా సరిగా ఉందని తేలాక సర్వర్‌ను ఒక్కసారి రీబూట్ చేసి కొత్త డిస్క్ నుంచి లేపడం. గంటలు పట్టే పని అంతా లాడ్జి నడుస్తుండగానే అయిపోతుంది, ఆగేది ఆ రీబూట్‌కు పట్టినంతసేపే. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2016లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఫోన్‌లో రెండు సిస్టమ్ విభాగాలు ఉంటాయి. ఒకటి వాడుతుండగా రెండోదానిలోకి అప్‌డేట్ ఎక్కుతుంది, రీస్టార్ట్ చేసినప్పుడు అటువైపు మారుతుంది. మన సర్వర్‌కూ అదే చేయబోతున్నాం, కాకపోతే రెండు విభాగాల బదులు రెండు డిస్క్‌లు.

డేటాబేస్ వేరే డిస్క్‌ల జత మీద, రెయిడ్ 1లో (రెండు డిస్క్‌లలోనూ ఒకే డేటా), ఎల్‌వీఎం (డిస్క్ చోటును వాల్యూములుగా పంచే ఏర్పాటు) కింద ఉంది. సిస్టమ్, డేటా విడిగా ఉన్నాయి కాబట్టే ఈ పద్ధతి గురించి ఆలోచించగలిగాను. రెండూ ఒకే డిస్క్‌లో ఉంటే క్లోన్ చేసిన మరుక్షణం నుంచి కొత్త బిల్లులు పాత డిస్క్‌లోనే పడుతుంటాయి, క్లోన్ వెనకబడిపోతూనే ఉంటుంది.

బుధవారం

480 జీబీ ఎస్‌ఎస్‌డీ వచ్చింది. సర్వర్ ముందు ఖాళీ స్లాట్ హాట్‌స్వాప్ కాబట్టి మెషీన్ ఆపకుండానే పెట్టేశాను. పెట్టగానే క్లోనింగ్ మొదలుపెట్టలేదు, ముందు డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ పరీక్ష పూర్తిగా నడిపించాను. కొత్త డిస్కే అయినా రేపు మూడు లాడ్జీలు దీని మీద లేవాలి.

ఎలా క్లోన్ చేయాలన్న విషయంలో మూడు దారులు చూశాను. క్లోన్‌జిల్లా మంచి సాధనమే, వాడిన బ్లాకుల్ని మాత్రమే కాపీ చేస్తుంది. కానీ సిస్టమ్ డిస్క్‌ను తీసుకోవాలంటే మెషీన్‌ను క్లోన్‌జిల్లా ఉన్న వేరే డిస్క్ నుంచి లేపాలి, అంటే సర్వర్ ఆపాలి. అది కుదరదు. రెండోది డీడీ కమాండ్. మొదటి బ్లాకు నుంచి చివరి బ్లాకు దాకా ఉన్నది ఉన్నట్టు దించుతుంది. 480 జీబీని సెకనుకు 200 ఎంబీ చొప్పున చదివితే 40 నిమిషాలు. అదే డిస్క్‌ను పాత యూఎస్‌బీ 2.0 డబ్బాలో పెట్టి చేస్తే, సెకనుకు 35 ఎంబీ మించదు కాబట్టి, దగ్గరదగ్గర నాలుగు గంటలు. వాడినది 40 జీబీ కూడా లేకపోయినా ఖాళీ బ్లాకులన్నీ మోసుకుంటూ పోతుంది.

డీడీతో అసలు ఇబ్బంది వేగం కాదు. ఫైల్‌సిస్టమ్‌లోకి రాతలు పడుతుండగా తీసిన కాపీలో మొదటి సగం ఒక క్షణానిది, రెండో సగం ఇంకో క్షణానిది. పైగా పాత డిస్క్ విభాగాలను గుర్తుపట్టే సంఖ్య, యూయూఐడీయే కొత్త డిస్క్‌కూ వస్తుంది. ఒకే మెషీన్‌లో ఒకే యూయూఐడీతో రెండు రూట్ విభాగాలు (సిస్టమ్ ఫైళ్ళు ఉండేవి) ఉంటే, బూట్ అయ్యేటప్పుడు ఏది మౌంట్ అవుతుందో, అంటే వాడకంలోకి వస్తుందో చెప్పలేం. కొత్తదని అనుకుంటూ పాతదాని మీద పని చేసే ప్రమాదం ఉంది. డీడీయే వాడాల్సివస్తే కాపీ అయిన వెంటనే ఈఎక్స్‌టీ4కు ట్యూన్2ఎఫ్ఎస్‌తో, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఎక్స్‌ఎఫ్‌ఎస్-అడ్మిన్‌తో యూయూఐడీ మార్చేయాలి.

మూడోది ఫైళ్ళను ఒక్కొక్కటిగా కాపీ చేసే ఆర్‌సింక్, నేను ఎంచుకున్నది ఇదే. కొత్త డిస్క్‌కు విభజన నేనే చేశాను: ఈఎఫ్ఐ విభాగం (బూట్ ఫైళ్ళకు), రూట్, స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడేది). కొత్తగా ఫార్మాట్ చేశాను కాబట్టి యూయూఐడీలు వాటంతటవే కొత్తవి. పాత రూట్‌ను ఇంకోచోట బైండ్ మౌంట్ చేసి (అదే రెండోచోట కూడా కనబడేలా పెట్టి) అక్కడి నుంచి కాపీ చేశాను. అలా చేస్తే సిస్టమ్ నడుస్తున్నప్పుడు మాత్రమే ఉండే ప్రాక్, సిస్, డెవ్, రన్ లాంటి మౌంట్‌లు దారిలో అడ్డం రావు, వాటి కింద ఉన్న అసలు ఖాళీ డైరెక్టరీలు మాత్రం కాపీ అవుతాయి. హార్డ్ లింకులు (ఒకే ఫైల్‌కు ఉన్న రెండో పేర్లు), ఏసీఎల్‌లు (ఎవరికి ఏ అనుమతి అన్న జాబితాలు), ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు (ఫైల్‌కు తగిలించిన అదనపు వివరాలు), అంకెల రూపంలోనే యూజర్ ఐడీలు, ఈ నాలుగింటికీ ఆప్షన్లు ఇవ్వాలి. ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు వదిలేస్తే కొన్ని ప్రోగ్రాములకు ఇచ్చిన కేపబిలిటీలు (ప్రత్యేక అనుమతులు) పోతాయి, ఆ తర్వాత మామూలు యూజర్‌కు పింగ్ ఎందుకు పనిచేయడం లేదో తెలియక తల పట్టుకోవాలి.

కాపీ మొదలుపెట్టే ముందు పాత సిస్టమ్‌లో ఒక ఖాళీ ఫైల్ సృష్టించి పెట్టాను. దాని తేదీయే గుర్తు. మార్పిడి రోజున "ఈ ఫైల్ తర్వాత మారినవి ఏవి?" అని ఫైండ్ కమాండ్‌ను అడగడానికి. ఒకసారి క్లోన్ మీద అప్‌గ్రేడ్ మొదలయ్యాక మళ్ళీ మొత్తం ఆర్‌సింక్ చేయకూడదు. చేస్తే పాత 11 ఫైళ్ళు వచ్చి 12 మీద కూర్చుంటాయి.

కాపీ నడుస్తున్నంతసేపు కౌంటర్లలో ఎవరికీ తేడా తెలియలేదు. చదివే వేగానికి పరిమితి పెట్టాను, దాని ప్రాధాన్యం కూడా తగ్గించి నడిపాను.

గురువారం

ఈ రోజంతా బూట్ సంగతే. మామూలుగా చెప్పే మెట్లు తక్కువ: ఎఫ్‌స్టాబ్‌లో (ఏ విభాగం ఎక్కడ మౌంట్ కావాలన్న జాబితా) కొత్త యూయూఐడీలు రాయి, గ్రబ్ (సిస్టమ్‌ను లేపే బూట్ ప్రోగ్రాము) ఎక్కించు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (లేచేటప్పుడు మొదట వాడే చిన్న సిస్టమ్) మళ్ళీ తయారుచేయి. కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఇలాంటి పని చేసేవాళ్ళు దీన్ని ముందే తెలుసుకుని ఉండాలి.

యూఈఎఫ్ఐ (మెషీన్‌ను మొదట లేపే ప్రోగ్రాము, మదర్‌బోర్డులోనే ఉంటుంది) మెషీన్లలో ఏ డిస్క్ నుంచి లేవాలన్న జాబితా మదర్‌బోర్డు మీద, కరెంటు పోయినా చెరగని ఎన్‌వీరామ్‌లో ఉంటుంది. క్లోన్ లోపలికి చ్రూట్ అయి (క్లోన్‌నే సిస్టమ్‌గా చూసేలా మారి) గ్రబ్-ఇన్‌స్టాల్ నడిపితే అది ఆ జాబితాలో 'డెబియన్' అన్న పేరుతో ఉన్న పాత పద్దును తీసేసి, అదే పేరుతో కొత్త డిస్క్‌కు పద్దు రాస్తుంది. మనం ఇంకా పరీక్షే మొదలుపెట్టలేదు, కానీ ఈలోపు కరెంటు పోయి సర్వర్ రీబూట్ అయితే అది సగం తయారైన క్లోన్ నుంచి లేస్తుంది. అప్‌గ్రేడ్ మధ్యలో గ్రబ్ ప్యాకేజీ మారినప్పుడు కూడా మనం అడగకుండానే ఇదే జరుగుతుంది.

అందుకే చ్రూట్ వదిలి సిస్టమ్‌డీ-ఎన్‌స్పాన్ వాడుతున్నాను. అది క్లోన్‌ను ఒక కంటైనర్‌లా తెరుస్తుంది. లోపలివాళ్ళకు ఎన్‌వీరామ్ కనబడదు కాబట్టి జాబితా జోలికి పోయే అవకాశమే లేదు. గ్రబ్‌ను క్లోన్ డిస్క్ సొంత ఈఎఫ్ఐ విభాగంలోకి, ఎన్‌వీరామ్‌ను ముట్టుకోవద్దన్న ఆప్షన్‌తో ఎక్కించాను. తర్వాత బయట నుంచి ఈఎఫ్ఐబూట్‌మేనేజర్‌తో 'జంట డిస్క్' అని వేరే పేరు పెట్టి ఒక పద్దు చేర్చాను, వరుసలో పాతదాని తర్వాత. ఈఎఫ్ఐ విభాగం లోపల ఫోల్డర్ పేరు మాత్రం 'డెబియన్' గానే ఉంచాను. మన సర్వర్‌లో సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ప్రోగ్రాములనే అనుమతించే ఏర్పాటు) ఆన్‌లో ఉంది. సంతకం చేసిన గ్రబ్ తన సెట్టింగుల ఫైల్ కోసం ఆ పేరున్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, ఫోల్డర్ పేరు మారిస్తే బూట్ ఆగిపోతుంది.

ఇంకో చిన్న విషయం. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ సెట్టింగుల్లో రిజ్యూమ్ అనే ఫైల్ ఒకటి ఉంటుంది, అందులో పాత స్వాప్ యూయూఐడీ. దాన్ని మార్చకపోతే, పాత డిస్క్‌ను తీసేసినా ఫార్మాట్ చేసినా, కొత్త డిస్క్ నుంచి లేచేటప్పుడు లేని స్వాప్ కోసం ముప్పై సెకన్లు ఎదురుచూసి అప్పుడు ముందుకు పోతుంది. లేవడం ఎలాగూ లేస్తుంది. కానీ నేను లెక్కపెడుతున్నది నిమిషాల్లో, అందులో అర నిమిషం ఊరికే పోనివ్వను.

శనివారం

అప్‌గ్రేడ్ క్లోన్ మీద జరిగింది. శనివారం, పైన కొండ మీదా కింద ఊళ్ళోనూ జనం. మూడు లాడ్జీలూ నిండిపోయాయి. అదే సమయంలో సర్వర్ గదిలో నేను దాని సిస్టమ్‌ను 11 నుంచి 12కు మారుస్తున్నాను, కౌంటర్లలో బిల్లులు వస్తూనే ఉన్నాయి. ఈ పద్ధతి మీద నాకు నమ్మకం పూర్తిగా కుదిరింది ఈ రోజే.

ప్యాకేజీలు మారేటప్పుడు సర్వీసులు స్టార్ట్ కాకుండా పాలసీ ఫైల్ ఒకటి పెట్టాను. సోర్సుల జాబితాలో 'నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్' అన్న విభాగాన్ని చేర్చాను. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్‌లను (కార్డుల్లాంటి పరికరాల లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) నాన్-ఫ్రీ నుంచి విడదీసి అందులో పెట్టారు. పాత జాబితాలో పేరు మాత్రం మార్చి అప్‌గ్రేడ్ చేస్తే కొత్త ఫర్మ్‌వేర్ ప్యాకేజీ దొరకదు. మన సర్వర్‌లో ఉన్న బ్రాడ్‌కామ్ నెట్‌వర్క్ కార్డు బయటి ఫర్మ్‌వేర్ లేనిదే పనిచేయదు. కెర్నల్ 5.10 నుంచి 6.1కు మారుతోంది. కొత్త కెర్నల్‌లో ఆ కార్డు డ్రైవర్ ఏ ఫర్మ్‌వేర్ ఫైళ్ళను అడుగుతుందో మాడ్‌ఇన్‌ఫోతో జాబితా తీసి, ఒక్కొక్కటీ క్లోన్‌లో ఉందో లేదో చూశాను. ఉన్నాయి. కార్డు పేరు మారిపోకుండా మ్యాక్ అడ్రస్‌కు కట్టి ఒక లింక్ ఫైల్ కూడా రాశాను. ఈ రెండింటినీ ఇలా కాగితం మీదే సరిచూసుకోవాలి. వర్చువల్ మెషీన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన నకిలీ మెషీన్) పరీక్షించినా బయటపడవు, అక్కడ కనబడేది నకిలీ కార్డు.

క్లోన్‌లో డేటాబేస్ డైరెక్టరీ ఖాళీ, ఎందుకంటే అసలు డేటా వేరే డిస్క్‌ల నుంచి వచ్చి అక్కడ మౌంట్ అవుతుంది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మరియాడీబీ 10.5 నుంచి 10.11కు మారేటప్పుడు దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టు ఆ ఖాళీ డైరెక్టరీని చూసి అందులో ఒక కొత్త డేటాబేస్ సృష్టించింది. చూడ్డానికి ఏ హానీ లేదు, రేపు అసలు డేటా దాని మీద మౌంట్ అయితే ఇది కింద కప్పబడిపోతుంది. కానీ ఏదో కారణంగా మౌంట్ కాలేదనుకోండి. మరియాడీబీ ఈ డొల్ల డేటాబేస్‌తో సంతోషంగా లేస్తుంది. తలుపుల వెనక మనుషులు నిద్రపోతుండగా కౌంటర్‌లో అన్ని రూములూ ఖాళీగా కనబడతాయి. సర్వర్ లేవకపోవడం కన్నా ఇది పెద్ద ప్రమాదం.

ఆ డొల్ల డేటాబేస్‌ను చెరిపేసి, ఖాళీ డైరెక్టరీకి మార్పులు పడనివ్వని ఆట్రిబ్యూట్ పెట్టాను. మౌంట్ అయితేనే మరియాడీబీ స్టార్ట్ కావాలన్న నియమాన్ని సిస్టమ్‌డీ యూనిట్‌కు చేర్చాను. ఇప్పుడు మౌంట్ తప్పిపోతే డేటాబేస్ లేవదు, కౌంటర్‌లో ఎర్రర్ కనబడుతుంది. అబద్ధం కన్నా ఎర్రర్ నయం.

13కు కూడా ఇప్పుడే పోవచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. డెబియన్‌లో ఒక వెర్షన్ దాటేసి దూకకూడదు, కానీ క్లోన్ మీద 12, దాని మీద 13 అని వరుసగా ఎక్కించుకోవచ్చు. ఎన్ని మెట్లు ఎక్కినా డౌన్‌టైమ్ ఒక రీబూటే. అయితే 13లో పీహెచ్‌పీ 8.4 వస్తుంది, మన బిల్లింగ్ రాసింది ఆ భాషలోనే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళు 12లో ఉన్న 8.2కు మాత్రమే భరోసా ఇస్తున్నారు. 12 దగ్గర ఆగాను.

మంగళవారం

రిహార్సల్. క్లోన్ డిస్క్‌ను అదే సర్వర్ మీద క్వెమూ వర్చువల్ మెషీన్‌లో బూట్ చేశాను, స్నాప్‌షాట్ మోడ్‌లో, అంటే పరీక్షలో పడే రాతలు డిస్క్‌లోకి పోవు. నెట్‌వర్క్ బయటికి పూర్తిగా మూసేశాను. ఈ జాగ్రత్త చాలా ముఖ్యం. క్లోన్ అంటే అన్నీ తెలిసిన రెండో సర్వర్. దానికి ఎస్ఎంఎస్ గేట్‌వే పాస్‌వర్డ్ తెలుసు, చెకౌట్ గుర్తుచేసే క్రాన్ పనులు (వేళకు వాటంతటవే నడిచేవి) తెలుసు. తలుపు తెరిచి ఉంచి లేపితే కొండమీద క్యూలో ఉన్నవాళ్ళ ఫోన్లకు ఒకే సందేశం రెండుసార్లు పోతుంది.

డేటా కోసం అసలు డేటా వాల్యూమ్‌కు ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్న స్థితికి నకలు) తీసి వర్చువల్ మెషీన్‌కు ఇచ్చాను. స్నాప్‌షాట్‌లో రాసినవి అసలుదాన్ని తాకవు. కాబట్టి నిజమైన డేటా మీద నిజమైన రిహార్సల్.

మరియాడీబీ 10.11 లేవలేదు. క్రాష్ అయిన స్థితి నుంచి అప్‌గ్రేడ్ కుదరదని లాగ్‌లో చెప్పింది. కారణం స్పష్టమే. నడుస్తున్న డేటాబేస్‌కు తీసిన స్నాప్‌షాట్ అంటే ఆ క్షణంలో ప్లగ్ పీకినట్టు. 10.8లో రీడూ లాగ్ (డేటాబేస్ తన మార్పులను ముందుగా రాసుకునే పద్దు) తీరు మారింది, పాత వెర్షన్ సగంలో వదిలేసిన లాగ్‌ను కొత్తది ముట్టుకోదు. అసలు సర్వర్‌లోనే 10.5ను వేరే పోర్టు మీద ఆ స్నాప్‌షాట్ మీద లేపి, రికవరీ చేసుకోనిచ్చి, శుభ్రంగా ఆపి, మళ్ళీ వర్చువల్ మెషీన్‌కు ఇస్తే 10.11 వెంటనే లేచింది. మార్పిడి రోజుకు దీన్నుంచి ఒక నియమం వచ్చింది: డేటాబేస్‌ను నెమ్మదిగా ఆపే షట్‌డౌన్ మోడ్ పెట్టి ఆపాలి, పూర్తిగా ఆగిందని లాగ్‌లో చూశాకే రీబూట్. నిమిషం రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా సరే.

మధ్యాహ్నం కౌంటర్‌లో రాత్రి షిఫ్ట్ చేసే అమ్మాయిని పిలిచి, ఆ మూసిన నెట్‌వర్క్‌కు కలిపిన ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. రోజూ చేసే పనే చేయమన్నాను, పరీక్షలా కాకుండా. ఇద్దరు పెద్దలు, ఒక బాబు, నాన్ ఏసీ రూము, అడ్వాన్సు, చెకౌట్, బిల్లు. బిల్లు దగ్గర ఆగిపోయింది.

"అక్కా, ఎక్స్‌ట్రా బెడ్ ఎవురూ అడగలా. బిల్లులో యాడి నుంచి వచ్చింది?"

నిజమే, ఒక వరుస ఎక్కువ పడింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళతో కలిసి వెతికితే తేలింది ఇది. పీహెచ్‌పీ 7లో సున్నాను, ఖాళీ మాటను పోల్చితే రెండూ సమానం అని వచ్చేది. 8 నుంచి సమానం కాదు. ఎక్స్‌ట్రా బెడ్ గడి ఖాళీగా వదిలేస్తే పాత వెర్షన్ సున్నా అనుకుని వరుస దాటేసేది, కొత్త వెర్షన్ దాన్ని ఏదో ఉన్నట్టు లెక్కేసి వరుస చూపిస్తోంది. మొత్తంలో తేడా లేదు, కానీ యాత్రికుడి చేతిలో పెట్టే బిల్లులో అడగని బెడ్ ఉంటే ఊరుకుంటారా. సరిచేసిన ఫైళ్ళు రెండు రోజుల్లో పంపుతామన్నారు.

నడుస్తున్న సర్వర్ మీదే అప్‌గ్రేడ్ చేసి ఉంటే ఇది మొదటి చెకౌట్‌లో, లైన్‌లో పదిమంది నిలబడి ఉండగా బయటపడేది. క్లోన్ మీద దొరికింది కాబట్టి రెండు రోజులు ఆగగలిగాం. డౌన్‌టైమ్ తగ్గించడానికి మొదలుపెట్టాను కానీ, ఈ తీరిక దానికన్నా విలువైనదని ఇప్పుడు అనిపిస్తోంది.

శుక్రవారం

వెనక్కి వచ్చే దారి గురించి కూర్చుని రాసుకున్నాను. సిస్టమ్‌కు వెనక్కి దారి సులువు, పాత డిస్క్ చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. దారి మూసుకుపోయేది డేటా దగ్గర. 10.11 ఒకసారి డేటా ఫైళ్ళను తెరిచిందంటే మళ్ళీ 10.5 వాటిని తెరుస్తుందన్న నమ్మకం లేదు. డిస్క్ క్లోన్ ఉంది కదా అని ధైర్యంగా పోయినవాళ్ళు ఇక్కడ చిక్కుకుంటారు. పాత సిస్టమ్ లేస్తుంది, దానికి చదవడానికి డేటా ఉండదు.

కాబట్టి డేటాబేస్ శుభ్రంగా ఆగిన తర్వాత, రీబూట్‌కు ముందు, డేటా వాల్యూమ్‌కు స్నాప్‌షాట్. కౌంటర్లు తెరవకముందే తేడా వస్తే ఆ స్నాప్‌షాట్‌ను వెనక్కి కలిపేసి పాత డిస్క్ నుంచి లేస్తే చాలు, ఒక్క రూపాయి లెక్క పోదు. కౌంటర్లు తెరిచాక పరిస్థితి వేరు. అప్పుడు వెనక్కి వెళ్తే ఆ మధ్య చేసిన చెకిన్‌లు పోతాయి. దానికి మేనేజర్ అన్న ఒక ఏర్పాటు చెప్పాడు: తెరిచినప్పటి నుంచి సాయంత్రం ఐదు దాకా ప్రతి రసీదూ రెండు కాపీలు తీసి ఒకటి పక్కన పెడతారు. వెనక్కి వెళ్ళాల్సివస్తే ఆ కాపీలు చూసి మళ్ళీ ఎక్కించుకోవచ్చు. ఐదు గంటలకు తుది నిర్ణయం, ఆ తర్వాత రద్దీ మొదలవుతుంది కాబట్టి వెనక్కి పోయేది లేదు. స్నాప్‌షాట్‌కు ఇచ్చిన చోటు నిండిపోతే అది చెల్లకుండా పోతుంది, అందుకని చోటు ధారాళంగా ఇచ్చి, ఎంత నిండిందో చూస్తూ ఉండాలి.

వేళ ఎంచుకోవడానికి బిల్లింగ్ పట్టిక నుంచి గంటలవారీగా ఎంట్రీలు తీశాను. తక్కువ పని ఉన్నది మంగళవారం మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో. వచ్చినవాళ్ళు కొండ మీద ఉంటారు, సాయంత్రం రైళ్ళకు పోయేవాళ్ళు ఇంకా దిగి ఉండరు. పట్టపగలు సర్వర్ పని చేయడమేమిటని యజమాని సార్ మొదట ఒప్పుకోలేదు. పగలైతే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఫోన్ ఎత్తుతారు, కేబులో విడిభాగమో కావాలంటే షాపులు తెరిచి ఉంటాయి, నా కళ్ళు కూడా తెరిచి ఉంటాయి అని చెప్పాను. ఒప్పుకున్నారు. ఆ రోజు మన ఏరియాలో లైన్ పనుల కోసం కరెంటు తీస్తున్నారేమో విద్యుత్ పంపిణీ సంస్థ ప్రకటన చూశాను, లేదు. యూపీఎస్ బ్యాటరీ లోడ్ మీద పరీక్షించాం.

కెక్సెక్ వాడితే ఫర్మ్‌వేర్ పరీక్షలన్నీ దాటేసి కొత్త కెర్నల్‌లోకి నేరుగా దూకవచ్చు, ఈ సర్వర్ లేచేటప్పుడు మెమరీ పరీక్షకే పట్టే నాలుగైదు నిమిషాలు మిగులుతాయి. వద్దనుకున్నాను. అలా చేస్తే కొత్త డిస్క్ నుంచి మెషీన్ నిజంగా లేస్తుందో లేదో తెలియకుండానే ఉండిపోతుంది. అది తెలిసేది ఎప్పుడో అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు. ఆ నాలుగు నిమిషాలు ఇప్పుడే, అందరం మెలకువగా ఉన్నప్పుడు పెట్టేద్దాం.

మంగళవారం, మార్పిడి

ఉదయం గుర్తు ఫైల్ తర్వాత మారినవి వెతికాను. క్లోన్ తర్వాత సిస్టమ్ డిస్క్‌లో ముఖ్యమైన మార్పులు రెండే: రెన్యువల్ అయిన ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్, రెండో లాడ్జి కౌంటర్‌లో కొత్తగా పెట్టిన రసీదు ప్రింటర్ సెట్టింగు. రెండూ చేత్తో క్లోన్‌లోకి చేర్చాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళు పంపిన సవరణలు ముందే ఎక్కించి, ఆ బిల్లు మళ్ళీ తీసి చూసుకున్నాం, ఎక్స్‌ట్రా బెడ్ లేదు.

రెండున్నరకు ముందు మూడు కౌంటర్లలోనూ రూముల పరిస్థితి ప్రింట్ తీసి పెట్టుకున్నారు. తర్వాత అప్లికేషన్ ఆపాను. మరియాడీబీ నెమ్మదిగా ఆగింది, లాగ్‌లో చివరి వరుస చూశాను. స్నాప్‌షాట్ తీశాను. తర్వాతి బూట్ ఎక్కడి నుంచో చెప్పే బూట్‌నెక్స్ట్‌ను 'జంట డిస్క్'కు పెట్టాను. ఇది ఒక్క బూట్‌కే చెల్లుతుంది. కొత్త డిస్క్ నుంచి లేవకుండా ఎక్కడైనా ఇరుక్కుపోతే పవర్ ఆపి వేయడమే, తర్వాతి బూట్ వరుస ప్రకారం పాత డిస్క్ నుంచే. రీబూట్ చేసి రిమోట్ కన్సోల్ చూస్తూ కూర్చున్నాను.

ఎక్కువసేపు మెమరీ పరీక్షకే పట్టింది, అనుకున్నట్టే. తర్వాత గ్రబ్, 6.1 కెర్నల్, డేటా వాల్యూమ్ మౌంట్, నెట్‌వర్క్ కార్డు పాత పేరుతోనే. మరియాడీబీ లేచి తన పట్టికలను సరిచూసుకుంది. కౌంటర్లకు తెరవకుండానే లోపల నుంచి ఒక చెకిన్, ఒక చెకౌట్ చేసి, రెండింటినీ రద్దు చేశాం. ప్రింట్ తీసిన రూముల జాబితాతో స్క్రీన్ సరిపోయింది.

అప్లికేషన్ ఆపినప్పటి నుంచి కౌంటర్లు తెరిచేదాకా 14 నిమిషాలు. ఆ వ్యవధిలో మూడు లాడ్జీల్లో కలిపి రాసిన కాగితం చీటీలు రెండు.

మూడో లాడ్జిలో మాత్రం రసీదు ప్రింటర్ నుంచి తెలుగు అక్షరాలు విడివిడిగా, గుణింతాలు ఊడిపోయి వచ్చాయి. రిహార్సల్‌లో ఆ ప్రింటర్ లేదు. ప్రింటర్ ఫిల్టర్ ప్యాకేజీ మారడంతో రసీదు పంపే తీరు మారింది. రసీదును బొమ్మగా మార్చి పంపే పాత సెట్టింగు మళ్ళీ పెడితే అక్షరాలు కుదురుకున్నాయి. ఆలోపు ఆ కౌంటర్ పక్క లాడ్జి ప్రింటర్ వాడుకుంది. వచ్చేసారి రిహార్సల్‌కు మూడు ప్రింటర్లూ కలపాలి.

ఐదు గంటలకు ముగ్గురం ఫోన్‌లో మాట్లాడుకుని ముందుకే అనుకున్నాం. బూట్ వరుసలో 'జంట డిస్క్'ను శాశ్వతంగా పైకి తెచ్చాను. స్నాప్‌షాట్ తీసేశాను, అది ఉన్నంతకాలం ప్రతి రాతా రెండు రాతలు అవుతుంది, రాత్రి రద్దీకి ఆ బరువు అక్కర్లేదు.

బుధవారం

రోజు లెక్క ముగించే పని రాత్రి సరిగా నడిచింది. చెకౌట్ ఎస్ఎంఎస్‌లు ఒక్కొక్కరికి ఒక్కటే పోయాయి. జీఎస్టీ రిపోర్టు పాత సంఖ్యలతో సరిపోయింది.

పాత డిస్క్ శని, ఆదివారాల రద్దీ దాటేదాకా అలాగే ఉంటుంది, ఎవరూ ముట్టుకోకూడదు. తర్వాత దాన్ని ఫార్మాట్ చేసి కొత్త సిస్టమ్ నుంచి దానిలోకి ఆర్‌సింక్. అప్పటి నుంచి అదే రెండో డిస్క్. కెర్నల్ భద్రతా అప్‌డేట్లు ముందు దాని మీద ఎక్కించి, చూసుకుని, మంగళవారం మధ్యాహ్నం అటు మారతాం. నడుస్తున్న డిస్క్ పాడైతే రెండోది అక్కడే సిద్ధంగా ఉంటుంది. స్లాట్లకు 'ఏ', 'బీ' అని స్టిక్కర్లు వేశాను, యూయూఐడీల్లో చివరి నాలుగు అక్షరాలతో సహా. తప్పు డిస్క్ బయటికి లాగడం సెకను పని.

ఒక పని మిగిలింది. గుర్తింపు కార్డు స్కాన్లు అప్‌లోడ్ అయ్యేటప్పుడు కాసేపు సిస్టమ్ డిస్క్‌లోని తాత్కాలిక డైరెక్టరీలో ఉంటాయి, చెరిపేయాల్సినవి కొన్ని చెరగకుండా మిగిలిపోయాయి. క్లోన్ చేశానంటే యాత్రికుల ఆధార్ కార్డులకు కూడా ఇంకో కాపీ చేసినట్టే. రెండు డిస్క్‌ల మీదా వాటిని చెరిపించి, ఆ డైరెక్టరీని రీబూట్‌తో ఖాళీ అయిపోయే టీఎంపీఎఫ్ఎస్‌లోకి మార్చాలి, ఆర్‌సింక్ వదిలేసే జాబితాలో చేర్చాలి. రెండో డిస్క్‌కు కాపీ మొదలుపెట్టకముందే ఇది అయిపోవాలి.

డెబియన్ 12కు దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్ 30 దాకా ఉంది. పీహెచ్‌పీ 8.4 మీద పరీక్షించి చెప్పమని సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఈ రోజే రాశాను. వాళ్ళు సరేనంటే 13ను 'బీ' డిస్క్ మీద బ్రహ్మోత్సవాలు అయ్యాకే మొదలుపెడతాను.